తడవకముందే ఆరిన చెప్పులు

పైన హాల్లో నవ్వులు వినపడేసరికి బైండరమ్మ జిగురు బ్రష్షు గిన్నె మీద అడ్డంగా పెట్టి చెవులు రిక్కించింది. మెట్ల కింద ఈ గదిలో కూర్చుని పుస్తకాలు కుడుతున్న పధ్నాలుగేళ్ళలో, లైబ్రరీలో అంతమంది ఒక్కసారిగా నవ్వడం ఆమె ఎన్నడూ వినలేదు. అక్కడ దగ్గినా కసురుకునేవాళ్ళు తయారుగా ఉంటారు. సంగతేమిటో చూద్దామని, పని పూర్తయిన తొమ్మిది పుస్తకాలు చేతుల మీద పేర్చుకుని, పైదాని మీద గడ్డం ఆనించి మెట్లెక్కింది. ఉత్త చేతులతో వెళ్తే నీకేం పని ఇక్కడ అన్నట్టు చూస్తారు. పుస్తకాలు మోసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు.

హాల్లో 'నెలకో పుస్తకం' సమావేశం జరుగుతోంది. ఈ నెల పుస్తకం పాతకాలపు ప్రయాణం నవల ఒకటి. ఎవరిదో గొడుగు తిరిగి ఇచ్చేద్దామని బయల్దేరిన ఒక పెద్దమనిషి, దారిలో కనిపించిన ప్రతిదాని గురించీ ఓ కథ ఎత్తుకుని, నాలుగు వందల పేజీలు తిరిగినా గొడుగు మాత్రం ఇవ్వడు. తాతల కాలంలో అచ్చయింది. మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. లైబ్రరీలో ఉన్నది ఒక్కటే ప్రతి. దాన్నే వంతులవారీగా తీసుకెళ్ళి చదివి, ఒక్కొక్కరూ ఒక అభిప్రాయం చీటీ రాసి బోర్డుకి గుచ్చాలని లైబ్రేరియన్ గారు ఏర్పాటు చేశారు. చదివినవాళ్ళు ఏడుగురు. సమావేశానికి వచ్చినవాళ్ళు ముప్పైమంది. మిగిలినవాళ్ళు చదివినవాళ్ళ మొహాలు చూసి ఎక్కడ నవ్వాలో తెలుసుకుంటున్నారు.

లైబ్రేరియన్ గారిది మంచి గొంతు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒక చీటీ కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు.

"నది దాటకముందే ఈయన తడిసిన చెప్పులు ఎండలో పెట్టాడు. తడవకముందే ఎందుకు ఆరబెట్టినట్టు? తర్వాత మేక చచ్చిపోయాక ఎవరో 'ఈత వచ్చా?' అని అడిగారు. ఎవరిని? మేకనా?"

హాలంతా ఘొల్లుమంది. ఆ చీటీ రాసినాయన కుర్చీలన్నిటికీ వెనక నిలబడి ఉన్నాడు. రోడ్డుకవతల ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. అందరికీ లిఫ్టాయనే. టీ విరామంలో వచ్చాడు కాబట్టి కూర్చోలేదు. యూనిఫారం చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి.

"నవ్వించడానికి రాయలేదండీ. నిజంగానే అడిగాను," అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న లెక్చరర్ గారు కుర్చీలోనే వెనక్కి తిరిగారు. రిటైరైన మనిషి. లైబ్రరీ కమిటీలో ఆయన మాటకి ఎదురు లేదు.

"పుస్తకం ఎక్కడ కూర్చుని చదివావోయ్?"

"లిఫ్టులోనండీ. మనుషులెవరూ లేనప్పుడు."

"అదీ సంగతి! మూడో అంతస్తులో పడవ ఎక్కి ఐదో అంతస్తులో దిగుంటావు. మధ్యలో నదిని ఎవరో పేషెంటు పట్టుకుపోయుంటాడు."

ఈసారి లెక్చరర్ గారు కూడా తన మాటకి తనే నవ్వారు. లిఫ్టాయన, "మూడుసార్లు చదివానండీ," అన్నాడు. "మూడుసార్లూ లిఫ్టులోనేగా," అని ఎవరో అందుకున్నారు. దాంతో ఆయన కూడా కాస్త నవ్వాడు. అంతమంది నవ్వుతుంటే తనొక్కడూ బిగుసుకుని నిలబడితే బాగుండదని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక బైండరమ్మ చేతుల మీది పుస్తకాలు సర్దుకుంది.

తర్వాత లైబ్రేరియన్ గారు లెక్చరర్ గారి అభిప్రాయం చదివారు. దాన్నే ఉత్తమ అభిప్రాయంగా ఎంచుకున్నారట, లైబ్రరీ పత్రికలో అచ్చు వేస్తున్నారట. నాలుగు పేజీలుంది. "'అప్పుడు పడవవాడు నా వైపు తిరిగి' అని వాక్యాన్ని గాల్లో వదిలేసి, మరుక్షణం అవతలి ఒడ్డున తడిసిన చెప్పులు ఆరబెట్టుకుంటూ మేనత్తగారి మేక కథ ఎత్తుకుంటాడు. ప్రయాణం చేయకముందే ప్రయాణఫలం అనుభవించడం! ఇలాంటి సాహసం చేసిన రచయిత మన భాషలో మరొకడు లేడు." అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్టాయన కూడా కొట్టి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

*

సమావేశం అయిపోయి, కుర్చీలు గోడకి చేర్చాక బైండరమ్మ బోర్డు దగ్గరకి వెళ్ళింది. లిఫ్టాయన చీటీ పూర్తిగా చదివింది. లైబ్రేరియన్ గారు చదివి వినిపించింది సగమే.

'పుస్తకం నాకు చాలా నచ్చింది. ఈయన ఎక్కడికి బయల్దేరినా మధ్యలో ఇంకేదో చెబుతాడు. కానీ ఎంత తిరిగినా నన్ను వెంటబెట్టుకునే తిరిగాడు. మళ్ళీ తెచ్చి దారిలో నిలబెట్టాడు. ఒక్కచోట మాత్రం వదిలేసి పోయాడు,' అని మొదలుపెట్టి, చెప్పులూ మేకా సంగతి రాసి, చివర ఇలా ముగించాడు: 'ఆయన అలా వదిలేసే మనిషి కాదు. ఇక్కడ ఏదో జరిగింది.'

పుస్తకాలు బైండరమ్మ చేతుల మీదుగా వేలకి వేలు వెళ్ళాయి గానీ, ఆమె చదివింది తక్కువ. ఆమెకి పుస్తకమంటే వీపు, అంచు, కుట్టు, అట్ట. అయినా ఆ చివరి మాట ఆమెకి సూదిలా గుచ్చుకుంది. కౌంటరులో అమ్మాయిని అడిగి ఆ నవల తీసుకుని కిందికి వచ్చింది.

బల్ల మీద పెట్టి, వీపు తట్టి, మధ్యకి విప్పి చూసింది. పచ్చదారం. పోయినేడు తెల్లదారం అయిపోతే ఓ పదిహేను రోజులు పచ్చదారంతో కుట్టింది. అంటే ఇది తన చేతి పనే. అప్పటికి కింది అంచులన్నీ పురుగు తినేసి ఉంటే ఆ మేరకి కోసేసింది. పేజీ నంబర్లు ఆ అంచునే ఉండేవి, కోతలో పోయాయి. ఎనిమిదో ఫారానికీ తొమ్మిదో ఫారానికీ సిరా మరకలుండేవి. ఫారమంటే పదహారు పేజీల మడత. ఆ రెంటినీ విడిగా తీసి, నీళ్ళల్లో ముంచి, తీగ మీద ఆరేసింది. ఆరాక తీసి మళ్ళీ దొంతరలో పెట్టింది.

వేళ్ళతో మడతలు లెక్కపెట్టి ఏడో ఫారం చివరికి వచ్చింది. 'అప్పుడు పడవవాడు నా వైపు తిరిగి' అని పేజీ ముగిసింది. పక్క పేజీలో, 'తడిసిన చెప్పులు ఎండలో పెట్టి ఒక రాయి మీద కూర్చున్నాను. మా మేనత్తకి ఒక మేక ఉండేది,' అని మొదలైంది. మేక బతికింది, ఊరందరి తోటలూ మేసింది, చచ్చిపోయింది. దాని తర్వాతి మడత మొదట్లో, '"ఈత వచ్చా?" అని అడిగాడు,' అని ఉంది.

బైండరమ్మ అక్కడ వేలు పెట్టి, మళ్ళీ వెనక్కి పడవవాడి దగ్గరకి తిప్పింది. అడిగింది పడవవాడు. నా వైపు తిరిగి, ఈత వచ్చా అని అడిగాడు. ఆ తర్వాత పడవ తలకిందులైంది, ఈయన తడిసి ముద్దయ్యాడు, ఎలాగో ఒడ్డు చేరాడు. అప్పుడు గదా చెప్పులు ఆరబెట్టుకోవాలి. తీగ మీంచి తీసేటప్పుడు తొమ్మిదో మడత ముందుకి వచ్చేసింది, ఎనిమిదోది వెనక్కి పోయింది. కుట్టే ముందు ఒక్కసారి చదివి చూసుకుంటే సరిపోయేది. చూడనైతే చూసింది. కానీ వాక్యం మధ్యలో ఆపేసి ఇంకో కథ ఎత్తుకోవడం ఈ రచయితకి అలవాటేనని అప్పటికే రెండు మూడు చోట్ల కనిపించి, ఇదీ అలాంటిదేలే అనుకుంది.

అంటే లెక్చరర్ గారు నాలుగు పేజీలు పొగిడింది రచయిత సాహసాన్ని కాదు, తన కుట్టు పొరపాటుని. బైండరమ్మకి నవ్వు రావలసిన మాటే. రాలేదు. పోయిన నెల లైబ్రేరియన్ గారు తనని పిలిచి, యంత్రం మీద బైండింగు చేసే బయటి కంపెనీవాళ్ళు ఇచ్చిన నమూనా పుస్తకాలు చూపించారు. "చేత్తో కుట్టడం ఇంకెన్నాళ్ళమ్మా? నీ పనిలో వంక పెట్టడానికి ఏమీ కనపళ్ళేదు కాబట్టి ఆగాను," అన్నారు. ఇప్పుడు వంక తన బల్ల మీదే ఉంది, పచ్చదారంతో సహా.

*

ఇంటికెళ్ళి ఈ సంగతి ఆడపడుచుకి చెప్పింది. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి బైండరమ్మది, మాట్లాడే నోరు ఆడపడుచుది. ఇద్దరూ కలిసి ఉంటున్నారు.

"దీనికింత బుర్ర పాడుచేసుకోవడం దేనికి వదినా? పుస్తకం నీ దగ్గరే ఉంది. విప్పి మళ్ళీ సరిగ్గా కుట్టెయ్. తప్పు పోతుంది, దాంతో గొడవా పోతుంది."

"మరి ఆ లిఫ్టాయనో?"

"ఆయనకేమయింది? నలుగురు నవ్వారు, అయిపోయింది. మన వీధిలో నన్ను చూసి రోజూ నవ్వుతారు. నేనేమైనా అరిగిపోయానా?"

ఆ మాట బైండరమ్మకి సుఖంగా వినిపించింది. సుఖంగా వినిపించే మాట నమ్మడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? మర్నాడు పొద్దున్నే గది తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టింది. తడిగుడ్డ వీపు మీద పరిచి పాత జిగురు నాననిచ్చింది. ఎముక బద్దతో అట్ట ఊడదీసింది. పచ్చదారం ఒక్కో కుట్టే కత్తిమొనతో తెంపి, రెండు మడతలూ బయటికి లాగింది. ఈసారి చివరి మాటా మొదటి మాటా కలిపి పైకే చదువుకుంది. 'నా వైపు తిరిగి, ఈత వచ్చా అని అడిగాడు.' ఎంత తేలిగ్గా అతికింది! పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి, దారం బిగించి, ముడేసి, కొత్త జిగురు రాసి, పుస్తకాలు అదిమే ప్రెస్సులో బిగించింది. మధ్యాహ్నానికి పుస్తకం ఆరింది. దాన్ని పైకి తీసుకెళ్ళి అలమరలో దాని చోట్లో పెట్టేసింది. మళ్ళీ కిందికి దిగుతుంటే ఒంట్లోంచి పెద్ద బరువు దిగిపోయినట్టుంది. నిజం చెప్పాలంటే, కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆ గర్వం మర్నాడు, బుధవారం, టీ వేళ దాకా ఉంది.

*

బుధవారం ఆమె కౌంటరు పక్కన కూర్చుని చిరిగిన పుస్తకాలు ఏరుతోంది. లిఫ్టాయన వచ్చాడు. నేరుగా లైబ్రేరియన్ గారి బల్ల దగ్గరకి వెళ్ళి, "రెండు నిమిషాలు చూస్తారా అండీ? మీకు చూపిస్తే అర్థమవుతుంది. నేను రాయడంలో సరిగ్గా రాయలేదేమో," అన్నాడు.

లైబ్రేరియన్ గారు మర్యాదస్తులే. పుస్తకం తెప్పించారు. లిఫ్టాయన వేళ్ళు తుడుచుకుని మరీ దాన్ని అందుకున్నాడు. ఆ చోటు ఆయనకి కంఠతా వచ్చినట్టే ఉంది, రెండు క్షణాల్లో తీశాడు. "ఇదిగోనండీ, నా వైపు తిరిగి..." అంటూ చూపుడువేలు పేజీ చివర పెట్టి, పక్క పేజీకి జరిపాడు. వేలు ఆగిపోయింది.

వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. పడవ తలకిందులయ్యే చోటు చదివాడు. పెదాలు కదులుతున్నాయి. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే చెప్పులు ఎండలో ఉన్నాయి, మేక బతికే ఉంది.

"ఏమైంది?" అన్నారు లైబ్రేరియన్ గారు.

"ఉందండీ. నది ముందే ఉంది," అన్నాడు లిఫ్టాయన. "సరిగ్గానే ఉంది."

"చూశావా మరి? డ్యూటీలో చదివితే అలాగే అవుతుంది. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు."

"మూడుసార్లు చదివానండీ. మూడుసార్లూ మేకే ముందొచ్చింది." ఆయన పుస్తకం అంచు మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు. "మా అమ్మకి కూడా ఈ వయసులోనే మొదలైంది. ఉన్నది లేదనేది, లేనిది ఉందనేది."

బైండరమ్మ చేతిలో చిరిగిన పుస్తకం ఉంది. ఆయనకీ ఆమెకీ మధ్య నాలుగడుగులు లేవు. నోరు తెరిస్తే చాలు. నమూనా పుస్తకాలు లైబ్రేరియన్ గారి బల్ల మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె తల వంచుకుని, ఊడిపోయిన ఒక పేజీని దాని చోట్లోకి సర్దుతూ కూర్చుంది. సర్దడానికి అంతసేపు పట్టే పేజీ కాదది.

లిఫ్టాయన జేబులోంచి లైబ్రరీ కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది తీసుకోమ్మా. ఇంకెందుకులే," అని కౌంటరు అమ్మాయితో అని వెళ్ళిపోయాడు.

*

ఆ సాయంత్రం లైబ్రరీ మూసే లోపల బైండరమ్మ లైబ్రేరియన్ గారి గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పేసింది. మరకలు, తీగ, పచ్చదారం, మళ్ళీ కుట్టడం, ఏదీ దాచలేదు. ఆయన మొదట నమ్మలేదు.

"లిఫ్టాయన మీద జాలితో చెప్తున్నావా?"

"కాదు సార్. లెక్చరర్ గారు రాసింది చూడండి. పడవవాడు తిరగ్గానే చెప్పులొచ్చాయని రాశారుగా? ఇప్పుడా పుస్తకంలో అలా లేదు. ఇద్దరూ ఒకటే చదివారు. ఒకాయన మెచ్చుకున్నారు, ఒకాయన అడిగారు."

లైబ్రేరియన్ గారు నవలా, లెక్చరర్ గారి నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టుకున్నారు. చాలాసేపు అటూ ఇటూ చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమె నిలబడ్డ చోటే నిలబడి, ఆ కంపెనీవాళ్ళకి ఈయన ఫోన్ ఎప్పుడు చేస్తారా అని చూస్తోంది.

"పత్రిక ప్రెస్సుకెళ్ళిపోయింది," అన్నారాయన చివరికి. "ముందు పేజీలోనే పెద్దాయన ఫోటో వేశాం."

లెక్చరర్ గారి నాలుగు పేజీలూ మడిచి సొరుగులో పెట్టారు.

"చూడమ్మా. పొరపాటు అందరికీ జరుగుతుంది. సరిచేశావు, మంచిదే. నీ ఉద్యోగానికి వచ్చిన భయమేమీ లేదు. ఈ సంగతి ఈ గది దాటకుండా ఉంటే చాలు."

"మరి లిఫ్టాయన సార్?"

"ఆయన వారం తిరిగేసరికి మర్చిపోతాడు. ఎంతమందిని పైకీ కిందికీ తిప్పుతాడు రోజూ!"

ఆమె భయపడి వచ్చింది ఉద్యోగం పోతుందని. ఇంత తేలిగ్గా ఉండిపోతుందని అనుకోలేదు. థాంక్స్ సార్ అని కూడా అనేసింది. గది బయటికొచ్చాక ఆ థాంక్స్ తలుచుకుంటే నోట్లో చేదుగా అనిపించింది. ఇంటికెళ్ళి ఆడపడుచుకి చెబితే, ఆవిడ తింటున్న కంచం పక్కకి జరిపింది.

"వాళ్ళమ్మకి అలా అయిందన్నాడా?" అని అడిగింది.

"అన్నాడు."

"మరైతే వెళ్ళిరా వదినా."

*

ఆసుపత్రిలో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లిఫ్టాయన లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పుస్తకమేదీ లేదు. ఆమెని గుర్తుపట్టి, "ఎవరికైనా బాగాలేదా అమ్మా? ఏ అంతస్తు?" అన్నాడు.

"ఏ అంతస్తూ కాదు అన్నగారూ. మీతోనే పని."

ఆయనకి అర్థం కాలేదు. ఈలోగా ఫ్లాస్కు పట్టుకున్న ఒకావిడ ఎక్కి, మూడు అంది.

"మూడేనా?"

"మూడే."

మీట దాకా వెళ్ళిన వేలు ఆగింది. "మూడే అన్నారు కదండీ?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. బైండరమ్మ ఒక మూలకి ఒదిగి నిలబడింది. మూడో అంతస్తులో ఆవిడ దిగి, తలుపు మూసుకోగానే, "ఆ పుస్తకం తప్పు కుట్టింది నేనే అన్నగారూ," అంది గబగబా. "రెండు మడతలు తారుమారు చేశాను. మీరు చదివినప్పుడు మేకే ముందుంది."

తలుపు తెరుచుకుంది. ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ ఆయా ఒకామె ఎక్కింది. లిఫ్టు కిందికి వచ్చింది. ఆయా దిగింది.

"మరి నిన్న నేను చూస్తే..."

"నిన్నటికి సరిగ్గా కుట్టేశాను. మంగళవారమే. మీరొచ్చి చూస్తారని నాకు తట్టలేదు."

ఇద్దరు డాక్టర్లు ఎక్కారు, ఏదో పేషెంటు గురించి మాట్లాడుకుంటూ ఐదులో దిగారు. లిఫ్టాయన వాళ్ళ వెనకే చూస్తూ, తలుపు మూసుకున్నాక ఎర్ర మీట నొక్కి లిఫ్టు అక్కడే ఆపేశాడు.

"నిన్న నువ్వు కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నావు."

"ఉన్నాను."

"నేనన్నవన్నీ విన్నావు."

"విన్నాను."

"నోరేమైంది?"

"భయమేసింది. ఉద్యోగం పోతుందని."

"నాకూ వేసింది," అన్నాడాయన. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకి. ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆసుపత్రి కాగితమే. మర్నాడు పదకొండింటికి తల స్కాను అని ఉంది. "పొద్దున్నే నాలుగో అంతస్తులో నరాల డాక్టరుగారికి చూపించుకున్నాను. నా ఇంటికి ఎన్ని మెట్లు, ఇవాళ ఏం వారం, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని అడిగారు. అన్నీ చెప్పాను. చెప్తూనే, ఇవి కూడా తప్పు చెప్తున్నానేమో అనుకున్నాను. నిన్న రాత్రి ఇంట్లో చెప్పాక, మా ఆవిడ పొయ్యి ఆర్పావా అని కూడా అడగలేదు. తనే లేచి వెళ్ళి చూసుకుంది."

బైండరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పయిపోయిందని అంది. ఆయన ఆ కాగితం తిరిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"రాసివ్వు," అన్నాడు.

"ఏమని?"

"ఇప్పుడు చెప్పిందే. రెండు రాయి. ఒకటి మా ఆవిడకి చూపించాలి. ఇంకోటి ఆ బోర్డు మీద నువ్వే పెట్టాలి, నా చీటీ పక్కన."

ఈ గది దాటకుండా ఉంటే చాలన్న మాట ఆమెకి గుర్తుకు రాకపోలేదు. బోర్డు అంటే ఊరందరూ చూస్తారు. మొదట చూసేది లెక్చరర్ గారే. ఆ మధ్యాహ్నానికే కంపెనీవాళ్ళకి ఫోన్ వెళ్తుంది. అయినా ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. అభిప్రాయం చీటీలు తనే కత్తిరిస్తుంది కాబట్టి ఓ పది ఎప్పుడూ అందులో ఉంటాయి. ఆయన ఒక పెన్ను ఇచ్చాడు, స్టూలు జరిపాడు. ఆమె కింద కూర్చుని, స్టూలు మీద చీటీ పెట్టుకుని రాసింది. చేతిరాత అలవాటు తప్పి అక్షరాలు ఎత్తుపల్లాలుగా వచ్చాయి.

'ఈ నవలలో ఎనిమిదో ఫారం, తొమ్మిదో ఫారం నేను తారుమారు చేసి కుట్టాను. నది కథ చెదిరింది అందువల్లే. లిఫ్టాయన తన చీటీలో రాసింది అక్షరాలా నిజం. ఆయన చదవడంలో తప్పేమీ లేదు. ఇప్పుడు పుస్తకం సరిచేశాను. ఇట్లు, బైండరు.'

ఎక్కడో కింద ఎవరో బెల్లు నొక్కారు. లిఫ్టాయన చీటీ అందుకుని, వెలుతురుకి పట్టుకుని, అక్షరాల కింద వేలు నడిపిస్తూ చదివాడు. చివరికి వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. రెండోసారి వేలు ఒకచోట ఆగింది.

"మధ్యలో ఒకటి లేదు," అన్నాడు.

"అంతా రాశానే."

"తప్పు కుట్టానన్నావు. వెంటనే సరిచేశానన్నావు. ఇది చదివినవాళ్ళు, తప్పు కనపడగానే చెప్పేసిందనుకుంటారు. నేనొచ్చి పుస్తకంలో వెతుక్కున్న రోజు ఇందులో ఎక్కడుంది?"

ఆమె చీటీ తీసుకుని చూసింది. లేదు. దాచాలని దాచలేదు, ఒట్టేసి చెప్పగలదు. అయినా ఆ రోజు అందులో లేదు. మొహం కందగడ్డలా అయింది. ఇంకో చీటీ తీసి మొదటినుంచీ రాసి, ఆ చోటికి వచ్చాక కాసేపు పెన్ను ఎత్తి పట్టుకుని, తర్వాత రాసింది: 'ఎవరికీ చెప్పకుండా మళ్ళీ కుట్టాను. బుధవారం ఆయన వచ్చి వెతుక్కుంటుంటే పక్కనే కూర్చుని ఉన్నాను. తెలిసీ నోరు విప్పలేదు. ఆయన తన మతి పోతోందనుకున్నారు.' అదే రెండో చీటీ మీద కూడా ఎక్కించి, రెంటి కిందా సంతకం పెట్టింది.

బెల్లు ఇప్పుడు రెండు అంతస్తుల్లోంచి మోగుతోంది. తలుపు అవతల ఎవరో దబదబా బాదుతున్నారు. "వచ్చె, వచ్చె," అన్నాడు లిఫ్టాయన, మీట నొక్కకుండానే. చీటీ వెలుతురుకి పట్టుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టి, తొందరేమీ లేకుండా, వేలు ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాడు.